పెళ్లిరోజుకు బార్సిలోనా: ఏ అప్పు మేలని కాదు, అసలు అప్పెందుకు?

ప్రశ్న: మాది హైదరాబాద్. ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.95 వేలు వస్తుంది, ఏటా బోనస్ రూ.1.2 లక్షలు. ఇంటి రుణం ఈఎంఐ రూ.32 వేలు, ఇంటి ఖర్చులు రూ.40 వేలు. బ్యాంకులో రూ.90 వేలు ఉన్నాయి. వచ్చే మేలో మా పదో పెళ్లిరోజుకు భార్యను, ఏడేళ్ల పాపను బార్సిలోనా తీసుకెళ్లాలని ఉంది. ప్యాకేజీ రూ.6 లక్షలు అంటున్నారు. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. ట్రావెల్స్ వాళ్లు కార్డు మీద ఈఎంఐ పెట్టిస్తామంటున్నారు. ఇంట్లో బంగారం కూడా ఉంది. ఏది మేలు?

జవాబు: నాకొచ్చే ఉత్తరాల్లో ఊరి పేరు మారుతోంది కానీ ప్రశ్న మారడం లేదు. మొన్న బాలి, నిన్న దుబాయ్, ఇవాళ బార్సిలోనా. మూడు అప్పుల్లో ఏది చవక అని అడుగుతారు. అప్పు తీసుకోవచ్చా అని మాత్రం ఒక్కరూ అడగరు. మీరూ అడగలేదు. అందుకే ఈ వారం మీ ఉత్తరం తీసుకున్నాను.

రూ.6 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలలకు ఈఎంఐ దాదాపు రూ.20,500. వడ్డీతో కలిపి మీరు కట్టేది రూ.7.38 లక్షలు. ఇదైనా భరించవచ్చేమో. ఇప్పుడు మీ నెల లెక్క చూడండి. ఇంటి ఈఎంఐ, ఖర్చులు కలిపి రూ.72 వేలు. దానికి ఈ రూ.20,500 కలిపితే రూ.92,500. జీతంలో మిగిలేది రెండున్నర వేలు. పాప స్కూలు ఫీజు పెరిగినా, బండి రిపేరుకు వచ్చినా ఆ నెల కార్డు గీకాల్సిందే. మీరు ఎనిమిది రోజులు తిరిగి రావడానికి మూడేళ్లు ఇలా ఊపిరి బిగబట్టి బతకాలి.

మీ అసలు సమస్య బార్సిలోనా కాదు, ఆ రూ.90 వేలు. నెలకు రూ.72 వేలు ఖర్చయ్యే ఇంటికి అది నెలన్నర కూడా రాదు. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4.32 లక్షలు పక్కన ఉండాలి. పైగా మీ ఇంట్లో ఒక్కరి జీతమే కనిపిస్తోంది. అది ఆగితే ఏం చేస్తారు? రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే అప్పు చేసి కుటుంబంతో యూరప్ వెళ్లొచ్చారు. మూడో ఈఎంఐ కట్టకముందే ఉద్యోగం పోయింది. ఇంటి ఈఎంఐ తప్పకూడదని క్రెడిట్ కార్డు మీద నగదు తీశారు. అలా తీసిన నగదుకు తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. చివరికి భార్య గాజులు అమ్మేశారు. ఆ యాత్ర ఫొటోలు వాళ్లింట్లో ఇప్పుడెవరూ తీసి చూడరు.

ఒక చిత్రం గమనించండి. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. వాళ్లు అడుగుతారు కాబట్టి నోరెత్తకుండా కొంటాం. తిరిగి శంషాబాద్‌లో దిగాక ఆ పాలసీ దేనికీ పనికిరాదు. మీ ఉత్తరంలో ఇక్కడి ఆరోగ్య బీమా ఊసే లేదు. కంపెనీ ఇచ్చిందొక్కటే ఉంటే, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. సొంతంగా ఒకటి తీసుకోండి.

వీసాకు బ్యాంకు నిల్వ చూపించాలి కదా అని స్నేహితుడి డబ్బు నాలుగు రోజులు ఖాతాలో వేయించుకుందామనే ఆలోచన ఉంటే మానేయండి. వాళ్లు కొన్ని నెలల స్టేట్‌మెంట్ చూస్తారు, హఠాత్తుగా వచ్చిపడ్డ పెద్ద మొత్తం ఇట్టే కనిపిస్తుంది. వీసా రాకపోతే పెద్దవాళ్లకు తలా 90 యూరోల ఫీజు వెనక్కి రాదు.

కార్డు ఈఎంఐకి ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తక్కువే కావచ్చు, కానీ అది మీకున్న ఆఖరి ఆసరా, విహారానికి కాదు.

వెళ్లొద్దని నేననడం లేదు. ఇప్పుడు మీకు నెలకు రూ.23 వేలు మిగులుతోంది. బోనస్‌తో కలిపితే ఏడాదికి రూ.3.96 లక్షలు. మొదటి ఏడాదిలోనే అత్యవసర నిధికి తక్కువైన రూ.3.42 లక్షలు నిండుతాయి. రెండో ఏడాది చివరికి యాత్రకు రూ.4.5 లక్షలు చేతిలో ఉంటాయి. పన్నెండో పెళ్లిరోజుకు వెళ్లండి. బార్సిలోనాలోని సగ్రాడా ఫమిలియా చర్చి పని 1882లో మొదలై ఇంకా పూర్తి కాలేదు. మీకోసం ఇంకో రెండేళ్లు ఆగలేదా?

అప్పుడు ప్యాకేజీ జోలికి పోకుండా సొంతంగా బుక్ చేసుకుంటే ఆ డబ్బుతో ముగ్గురూ వెళ్లి రావచ్చు. సగ్రాడా ఫమిలియా టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పదకొండేళ్ల లోపు పిల్లలకు టికెట్ డబ్బులుండవు. గోతిక్ అనే పాతబస్తీ వీధుల్లో నడవడానికి, బార్సెలొనెటా బీచ్‌లో కూర్చోవడానికి పైసా అక్కర్లేదు. తిండి దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. లా రాంబ్లా అనే పర్యాటకుల వీధిలో ఫొటోలున్న మెనూ చూసి కూర్చోకండి. రెండు సందులు లోపలికి వెళితే పనిరోజుల్లో మధ్యాహ్నం ‘మెను దెల్ దియా’ ఉంటుంది. సాధారణంగా రెండు వంటకాలు, బ్రెడ్డు, డ్రింకు, స్వీటు కలిపి ఒకే ధర. కడుపు నిండా అప్పుడే తినేసి, రాత్రికి టమాటా రుద్దిన బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలతో సరిపెట్టుకోవచ్చు. కార్డు గీకేటప్పుడు మిషన్ యూరోలా, రూపాయలా అని అడిగితే యూరోలే నొక్కండి. జేబుదొంగలకు ఆ ఊరు పేరుమోసింది కాబట్టి రెండో కార్డు హోటల్ గదిలోనే ఉంచండి.

ప్యాకేజీకి ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో ఈ వారమే రాతపూర్వకంగా అడగండి. ప్రయాణం తేదీ దగ్గరపడే కొద్దీ ఆ కోత పెరుగుతుంది.