పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: వెండితెర తొలినాళ్లు

ప్రశ్న: రఘుపతి వెంకయ్య నాయుడు గారిని తెలుగు చిత్రపరిశ్రమ పితామహుడంటారు. ఆయన కాలంలో తీసినవన్నీ మూకీలే కదా. మాటే లేని సినిమాకు తెలుగు అనే విశేషణం ఎలా అతుకుతుంది? – ఒక పాఠకురాలు, మచిలీపట్నం

సమాధానం: మీ ఊరివారి గురించే అడిగారు. వెంకయ్య గారు పుట్టింది మచిలీపట్నంలోనే. మద్రాసు చేరి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నడుపుతూ, 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించుకున్నారు. తెర మీద బొమ్మను ఆడించే ప్రొజెక్టరును, పాటను వినిపించే గ్రామఫోను రికార్డును జతగా నడిపించే సాధనం అది. అందులో చూపినవి కొద్ది నిమిషాల చిత్రాలే అయినా, ముల్లు ఒక్క గాడి తప్పితే చాలు, తెర మీది పెదవులకూ వినిపించే పాటకూ పొంతన పోయేది. కాబట్టి టాకీలు, అంటే మాటలు వినిపించే సినిమాలు, రావడానికి రెండు దశాబ్దాల ముందే ఆయన మన ప్రేక్షకులకు పాడే బొమ్మను చూపించారు. దానితో దక్షిణాదిలోనే గాక సింహళం, బర్మాల దాకా తిరిగి ప్రదర్శనలు ఇచ్చి, ఆ రాబడితో మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లను కట్టించారు.

ఇక భాష సంగతి. మూకీకి మాట లేకపోయినా రాత ఉండేది. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య తెర మీద అక్షరాలు పడేవి, చదవలేనివారి కోసం హాల్లో ఒకరు నిలబడి కథను బిగ్గరగా చెప్పేవారు. ఒకే చిత్రానికి ప్రాంతాన్ని బట్టి అక్షరాల అట్టలు మార్చితే అది ఆ ప్రాంతపు సినిమా అయ్యేది. ఆ లెక్కన చూస్తే మూకీ ఏ ఒక్క భాషదీ కాదు. వెంకయ్య గారిని పితామహుడనడానికి కారణం నా దృష్టిలో ఆయన తీసిన బొమ్మల భాష కాదు. సినిమాను కొని తెచ్చి చూపే సరుకుగా వదిలేయక, ఇక్కడే తీసి, ఇక్కడి వారికి నేర్పి, ఇక్కడి హాళ్లలోనే ఆడించే వృత్తిగా నిలబెట్టాలని ఆయన పట్టుపట్టారు. అందుకే కుమారుడు రఘుపతి సూర్యప్రకాష్‌ను చలనచిత్ర విద్య కోసం విదేశాలకు పంపారు, ఆయన తిరిగివచ్చాక స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను నెలకొల్పి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించారు. ప్రకాష్ గారే దర్శకుడు, ఆయనే భీష్ముడు. గంగ పాత్రను ఒక ఆంగ్లో ఇండియన్ యువతి ధరించారు, ఎందుకంటే తెర మీద కనిపించడానికి ఆ రోజుల్లో మన ఇళ్లలోని స్త్రీలు ముందుకు వచ్చేవారు కారు. తరువాతి కాలంలో పేరు పొందిన సి. పుల్లయ్య, వై. వి. రావు గార్లు ప్రకాష్ గారి దగ్గర పని నేర్చుకున్నవారే. తండ్రి పేరిట ప్రభుత్వ పురస్కారం ఉంది. పని నేర్పిన కొడుకు పేరు మాత్రం ఎక్కువ మందికి తెలియదు, ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

‘భీష్మ ప్రతిజ్ఞ’ ఇప్పుడు చూడటానికి లేదు. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తగలకపోయినా తేమకూ వేడికీ జిగురుగా మారి, చివరకు గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. ఆట ముగిసిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించడం కూడా పరిపాటే. పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే మూకీలలో అత్యధిక భాగం పోయాయి.

ప్రశ్న: తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. ఇప్పుడు 1932 ఫిబ్రవరి 6 అంటున్నారు. ఏది నిజం? – ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: రెండోదే నిజం. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు ఏళ్ల తరబడి నాటి పత్రికలనూ ప్రభుత్వ రికార్డులనూ వెతికి, ఆ చిత్రం 1932 జనవరిలో సెన్సారు పూర్తి చేసుకుని ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. పాత తేదీ ఒకరు రాసినదాన్ని మరొకరు చూసి రాయగా స్థిరపడినది. దానికి ఆధారమైన కాగితం లేదు. ఈ సవరణ వల్ల ఇంకో సంగతి కూడా తేటపడుతుంది. ‘భక్త ప్రహ్లాద’ దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి గారే తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న వచ్చింది. తొలి తమిళ టాకీగా లెక్కకు వచ్చే ఆ చిత్రంలో నాయిక తమిళంలోనూ, నాయకుడు తెలుగులోనూ మాట్లాడతారు. అంటే మన భాష తెర మీద వినిపించింది ‘భక్త ప్రహ్లాద’ కంటే ముందే. పూర్తిగా తెలుగులో తయారైన తొలి టాకీ అనే గౌరవం మాత్రం ‘ప్రహ్లాద’దే.

ప్రశ్న: తొలినాటి స్త్రీలలో మరచిపోయిన వారెవరైనా ఉన్నారా? – ఒక పాఠకురాలు, వరంగల్లు

సమాధానం: ఉన్నారు. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గారు నాటక సమాజంలో పుట్టి పెరిగినవారు, తన పాట తానే పాడుకున్న తొలి తెలుగు కథానాయిక. రంగస్థలం మీద పురుష పాత్రలతోనూ మెప్పించిన దాసరి కోటిరత్నం గారిని 1935 నాటి ‘సతీ సక్కుబాయి’తో తొలి తెలుగు మహిళా నిర్మాతగా చెబుతారు.

ప్రశ్న: మా తాతగారు టూరింగ్ టాకీసులో పనిచేశారు. ఆయన ట్రంకుపెట్టెలో పాత సినిమా పాటల పుస్తకాలు దొరికాయి. అంచులు చిరిగి, పేజీలు పెళుసెక్కి ఉన్నాయి. వీటికి విలువ ఉందా? – ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: చాలా ఉంది. సినిమా పోయినచోట కూడా పాటల పుస్తకం మిగులుతుంది. అట్ట మీద సంస్థ పేరు, లోపల నటీనటుల జాబితా, కథ సగం దాకా చెప్పి ‘తరువాయి వెండితెరపై చూడండి’ అని ఆపేసిన సంగ్రహం, పాటలు, వాటిని రాసినవారి పేర్లు ఉంటాయి. పోయిన చిత్రాల్లో ఎవరెవరు పనిచేశారో మనకు చాలాసార్లు తెలిసేది వీటి వల్లనే.

చిరుగులకు సెల్లోటేపు వేయవద్దు, దాని జిగురు కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులను నెమ్మదిగా తీసి, ఒక్కొక్క పుస్తకాన్నీ ఆమ్లం లేని తెల్ల కాగితపు కవరులో బల్లపరుపుగా ఉంచండి. ట్రంకుపెట్టెను నేల తేమకు దూరంగా పెట్టండి. ముందు అట్ట మొదలు వెనుక అట్ట మీది ప్రకటన వరకు ఏ పేజీనీ వదలకుండా స్కాను తీయండి. ఎక్కడైనా థియేటరు ముద్ర గాని, తాతగారి చేతిరాతలో ఊరి పేరు, తేదీ గాని ఉంటే చెరపకండి. ఆ చిత్రం ఏ ఊళ్లో ఎప్పుడు ఆడిందో చెప్పే సాక్ష్యం ఆ ఒక్క గీత మీదే ఉండవచ్చు. స్కాను ప్రతులను పుణెలోని ఆర్కైవుకు పంపితే పరిశోధకులకు ఉపయోగపడతాయి, అసలు పుస్తకాలు మీ ఇంట్లోనే ఉండవచ్చు.