మీ ట్రాక్టర్‌లో పోసింది బయోడీజిల్ కాదు, ఉత్త నూనె

సందేహం: వాడేసిన వంటనూనెను గుడ్డలో వడకట్టి, డీజిల్‌లో మూడో వంతుగా కలిపి రెండు నెలలుగా ట్రాక్టర్‌కి పోస్తున్నాను. ఇప్పుడు పొద్దున పూట స్టార్ట్ కావడం కష్టంగా ఉంది, నల్ల పొగ వస్తోంది, లోడు లాగడం లేదు. ఫిల్టర్ రెండుసార్లు జామ్ అయింది. బయోడీజిల్ నా ఇంజిన్‌కి పడలేదని అనుకుంటున్నాను. ఇంజెక్షన్ పంపు మార్చాలని, లేకపోతే ఒక మందు కలిపితే నూనె పలచబడుతుందని విడిభాగాల డీలర్ అంటున్నారు. ఏం చేయమంటారు?

సలహా: మీ ఇంజిన్‌కి బయోడీజిల్ పడకపోవడం కాదండీ, మీరు ఇంతవరకు దానికి బయోడీజిల్ పోయనే లేదు. వడకట్టినా నూనె నూనే. దాని చిక్కదనం డీజిల్‌కి సుమారు పది రెట్లు. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే నాజిల్ దాన్ని సన్నని తుంపరగా చిమ్మలేక బొట్లు బొట్లుగా వదులుతుంది, ఆ బొట్లు పూర్తిగా మండక నాజిల్ కొన మీద, పిస్టన్ రింగుల్లో మసి, బంక పేరుకుంటాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. కొంత నూనె రింగులు దాటి కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ని కూడా చిక్కబరుస్తుంది, ఇది మాత్రం చాలామంది చూడరు.

పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఉత్త డీజిల్‌తో కడగండి, డీజిల్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మూడూ ఒకేసారి మార్చండి, నాజిళ్లు విప్పించి శుభ్రం చేయించి, స్ప్రే ఎలా పడుతోందో టెస్ట్ చేయించండి. అప్పటికీ పొగ తగ్గకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి, చూడాలి. పంపు సంగతి ఆ తర్వాతే. ఇక ఆ మందు సంగతి: సీసాలో ఏముందో అమ్మేవాళ్లే చెప్పలేని మందుని ఇంజిన్‌లో పోయమనే సలహా ఎవరిచ్చినా వినకండి. నూనె బయోడీజిల్ కావాలంటే రసాయన చర్య జరగాలి, చెంచాడు మందు కలిపితే జరిగేది కాదు.

నూనెలో ఒక్కో గ్లిజరిన్ అణువుకి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. కాస్టిక్ సోడా సమక్షంలో మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపితే ఆ మూడూ విడిపోయి మిథనాల్‌ని పట్టుకుంటాయి, గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది. పైన తేలిన పలచటి ద్రవమే బయోడీజిల్.

చేసి చూడాలనుకుంటే ఒక్క లీటరుతోనే మొదలుపెట్టండి. నూనెలో తేమ ఉంటే బయోడీజిల్ బదులు సబ్బు తయారవుతుంది, అందుకే 110 డిగ్రీల దాకా కాచి చిటపటలు ఆగాక 55కి చల్లార్చండి. ఈలోపు ఆమ్లం పరీక్ష చేయాలి, అంటే వాడిన నూనెలో విడిపోయి ఉన్న ఆమ్లానికి ఎంత సోడా అదనంగా కావాలో చూడాలి, ఇది మానేసి చేసిన బ్యాచ్ గురించి నన్ను అడగొద్దు. లీటరు డిస్టిల్డ్ నీటిలో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించండి. వేరే గిన్నెలో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మిల్లీలీటరు నూనె, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (ఆమ్లం తీరిపోయి సోడా ఎక్కువైతే గులాబీ రంగుకి మారే ద్రావణం) వేసి, సోడా నీటిని చుక్క చుక్కగా కలపండి. గులాబీ రంగు 15 సెకన్లు నిలవడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకి 3.5 గ్రాముల మీద అన్ని గ్రాముల సోడా అదనం. 2.5 పట్టిందనుకోండి, మొత్తం 6 గ్రాములు. 5 దాటితే ఆ నూనె వదిలేయండి, సబ్బే మిగులుతుంది.

ఆ సోడాని 200 మిల్లీలీటర్ల మిథనాల్‌లో పూర్తిగా కరిగించి, 55 డిగ్రీల నూనెలో పోసి గంట సేపు కలపండి. వేడి 60 దాటనివ్వకండి, మిథనాల్ 65 దగ్గరే మరుగుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి అడుగున దిగిన గోధుమరంగు గ్లిజరిన్ తీసేయండి. పైదాన్ని నీటితో మూడుసార్లు మెల్లగా కడిగి, అద్దంలా తేటపడేదాకా ఆరబెట్టండి.

మిథనాల్ గురించి నాకు నిజంగా భయం. ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా ఒంట్లోకి చేరుతుంది, కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు. దాని మంట పగటి వెలుగులో కనపడదు కూడా. ఆరుబయట, పొయ్యికి దూరంగా, చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అల్యూమినియం పాత్ర వాడొద్దు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. స్టీలు పాత్ర వాడండి.

ట్యాంకులో పోసే ముందు ఇంకో పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి ఊపండి, గది వేడిలో తేటగా కలిసిపోవాలి. అడుగున నూనె చుక్కలు దిగితే చర్య పూర్తి కాలేదు, మళ్లీ చేయాల్సిందే.

పాసైన బయోడీజిల్‌ని కూడా డీజిల్‌లో 20 శాతానికి మించి కలపకండి. అది ట్యాంకులో పాత మడ్డిని కరిగించి తెస్తుంది కాబట్టి మొదటి ట్యాంకు అయ్యాక ఫిల్టర్ ఒకసారి మార్చాలి, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడుతున్నాయేమో చూస్తుండాలి. ఆరు నెలలకు మించి నిల్వ పెట్టొద్దు. అడుగున తీసిన గ్లిజరిన్‌లో మిథనాల్, సోడా మిగిలి ఉంటాయి, దాన్ని పశువుల దాణాలో కలపొద్దు, కడిగిన నీళ్లని చెరువులోకి వదలొద్దు.