అమ్మానాన్నలతో ఖీర్‌గంగ వేడినీటి కుండానికి వెళ్లొచ్చా?

అక్టోబరులో అమ్మానాన్నలతో హిమాచల్ వెళ్తున్నామని, ఖీర్‌గంగ కుండంలో వాళ్ల చేత స్నానం చేయించాలని ఉందని రాశారు. నాన్నగారికి బీపీ, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు అన్నారు కాబట్టి ఉన్నమాట చెప్తాను: మీరు ఖీర్‌గంగకు తప్పకుండా వెళ్లండి, వాళ్లను మాత్రం మణికరణ్ దాకానే తీసుకెళ్లండి. రెండూ ఒకే పార్వతి లోయలో ఉన్నాయి. వేడినీళ్ల స్నానం రెండుచోట్లా దొరుకుతుంది. తేడా అంతా దారిలోనే.

ఖీర్‌గంగ సుమారు 2,950 మీటర్ల ఎత్తులో ఉంది. బండి వెళ్లేది బర్షైణీ అనే ఊరి వరకే. కులు దగ్గరున్న భుంతర్ నుంచి కసోల్, మణికరణ్ మీదుగా అక్కడికి బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి నడకే, ఒక్కవైపుకు దాదాపు 12 కిలోమీటర్లు. అలవాటున్న వాళ్లకు నాలుగు గంటలు, మనలాంటి వాళ్లకు ఐదారు గంటలు పడుతుంది. నక్థాన్ ఊరి మీదుగా వెళ్లే దారి మొదట్లో హాయిగా ఉంటుంది. ఆపిల్ తోటలు, చెక్క ఇళ్లు, టీ, మ్యాగీ దొరికే చిన్న కొట్లు వస్తాయి. రుద్రనాగ్ జలపాతం వరకు పెద్దవాళ్లు కూడా మెల్లగా నడిచేస్తారేమో అనిపిస్తుంది. అక్కడ వంతెన దాటాక అడవి మొదలవుతుంది, అసలు ఎక్కుడు అక్కడుంది. రాళ్లు, వేర్లు, మధ్యలో దారిని కోసేసే సెలయేళ్లు. ఒక్కో రాయి మెట్టు మోకాలెత్తు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఎక్కడం కంటే దిగడం నరకం. మధ్యలో ఆగిపోతే మోసుకురావడం తప్ప దారి లేదు.

కల్గా అనే ఊరి వైపు నుంచి ఇంకో దారి ఉంది. పూర్తిగా దేవదారు అడవిలోంచి వెళ్తుంది, నీడగా, చాలా అందంగా ఉంటుంది. కానీ చీలికలు ఎక్కువ, వాన పడితే బురద. మొదటిసారి వెళ్లేవాళ్లు నక్థాన్ దారినే వెళ్లి, అదే దారిన దిగడం మంచిది. ఒంటరిగా మాత్రం వద్దు. ఈ లోయలో ఒంటరిగా కొండల్లోకి వెళ్లి కనిపించకుండా పోయిన వాళ్లు ఉన్నారు. ఇద్దరు ముగ్గురు తోడున్నా, పొద్దున్నే ఆరింటికల్లా బర్షైణీలో నడక మొదలుపెట్టండి.

ఇక కుండం గురించి. దారి చివర వచ్చే గడ్డి మైదానం పైన, చిన్న గుడి పక్కన సిమెంటు అంచు కట్టిన తొట్టి అది. మగవాళ్లది ఆరుబయట, ఆడవాళ్లకు గోడ కట్టి వేరుగా ఉంది. కుమారస్వామి ఇక్కడ తపస్సు చేశాడని స్థానికుల నమ్మకం. అందుకే వాళ్లకు ఇది స్విమ్మింగ్ పూల్ కాదు, తీర్థం. నేను వెళ్లినప్పుడు అక్కడున్న ఒక పెద్దాయన, ముందు బయట ధార దగ్గర ఒళ్లు కడుక్కుని అప్పుడు లోపలికి దిగమన్నారు. సబ్బు, షాంపూ, మందు, సిగరెట్ ఏవీ వద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే పైన తాగి గోల చేసే గుంపుల వల్లే ఆ చోటు చాలా పాడైంది. చెత్త, అనుమతి లేని గుడారాలు అంతగా పెరిగిపోవడంతో 2018లో హైకోర్టు ఆదేశాల మేరకు వాటిని తొలగించాల్సి వచ్చింది. పైన బస సంగతి ఆ వారం బర్షైణీలో కనుక్కుని, కుదరకపోతే అదే రోజు దిగిపోయేలా ప్లాన్ చేసుకోండి.

నీళ్లలోకి దిగే ముందు చలికి పళ్లు టకటకలాడతాయి. కాలు పెట్టగానే ముందు చురుక్కుమంటుంది, తర్వాత నడుము దాకా, భుజాల దాకా ఒక్కో కండరం వదులవుతుంది. గంధకం వాసన సన్నగా వస్తూంటుంది. నీళ్లు పడే చోట దారాల్లాంటి తెల్లటి నాచు వేలాడుతూ ఉంటుంది, వేళ్లతో పట్టుకుంటే జారిపోతుంది. అడుగు కూడా అలాగే జారుతుంది, అంచు పట్టుకునే దిగండి. ఎదురుగా మంచుకొండలు, మెడ దాకా వేడినీళ్లు. ఆ ఎక్కుడంతా ఎందుకు ఎక్కామో అప్పుడు అర్థమవుతుంది.

ఆ హాయిలో గంటసేపు కూర్చుండిపోతారు చాలామంది. అదే ప్రమాదం. వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది. ఎక్కి అలసిపోయి, నీళ్లు సరిగ్గా తాగని ఒంటితో కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు కూర్చుని, బయటికి వచ్చి, మంచినీళ్లు తాగి, కావాలంటే మళ్లీ దిగండి. తల తడిపితే వెంటనే తుడుచుకుని మంకీ క్యాప్ పెట్టేసుకోవాలి. అక్టోబరు సాయంత్రాల్లో అక్కడి గాలి ఎముకలు కొరికేస్తుంది.

బీపీ మాత్రలు వాడే నాన్నగారి విషయంలో ఇదే నా భయం, మణికరణ్‌లో కూడా. వెళ్లే ముందు డాక్టర్ని ఒక మాట అడగండి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గిన వాళ్లయితే వేడి తెలియక కాళ్లు కాల్చుకునే ప్రమాదం కూడా ఉంది.

మణికరణ్ అంటే మీ వాళ్లను చిన్నబుచ్చే ప్రత్యామ్నాయమేమీ కాదు. గుడి, గురుద్వారా పార్వతి నది ఒడ్డునే ఉన్నాయి, నాలుగడుగుల నడక. అక్కడ ఊట నీళ్లు దాదాపు మరిగేంత వేడిగా ఉంటాయి, నేరుగా ముట్టుకోకూడదు. స్నానానికి చల్లనీళ్లు కలిపిన కుండాలు వేరే ఉంటాయి. ఊటలో పెద్ద గిన్నెలు దించి లంగర్‌కు, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనానికి, అన్నం వండుతారు. యాత్రికులు గుడ్డ మూటలో బియ్యం కట్టి, తాడుతో నీళ్లలోకి వదిలి ఉడికించుకుంటారు. మా అమ్మ ఆ మూట విప్పి, ఒక్కో మెతుకూ నొక్కి చూసి, "నిజంగానే ఉడికిందిరా" అంటూ పక్కవాళ్లందరికీ పంచింది. రామాలయం కూడా ఉంది, మీ వాళ్లకు ఒక పూట అక్కడే గడిచిపోతుంది.

వేడికి కారణం గంధకమేనని మన ఇళ్లలో అంటూంటారు. అలా కాదు. వాన, మంచు కరిగిన నీళ్లు రాతి పగుళ్లలోంచి బాగా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, ఇంకో పగులు దొరికినచోట పైకి వస్తాయి. గంధకం ఆ వేడినీళ్లు దారిలో కరిగించి తెచ్చుకునేది. అగ్నిపర్వతమూ అక్కర్లేదు. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరేదీ ఇలాగే.

ఇంకో సంగతి. 2025 ఆగస్టులో వరద వచ్చిన ధరాలీ దగ్గరి ఖీర్‌గంగ వేరు, అది ఉత్తరాఖండ్‌లోని వాగు. ఇంట్లో ఎవరైనా ఆ వార్త గుర్తుచేసి కంగారుపడితే ఈ మాట చెప్పండి. అయితే జూలై, ఆగస్టుల్లో పార్వతి లోయ కూడా సురక్షితం కాదు, కొండచరియలు విరిగిపడతాయి. మీరు అనుకున్న అక్టోబరు మంచి నెల. డిసెంబరు నుంచి మంచు.

అమ్మానాన్నలకు మణికరణ్‌లోనే రూము తీసుకుని, తోడుగా ఒకరిని ఉంచి మీరు పైకి వెళ్లండి. టార్చి, రెయిన్‌కోటు, పొడి బట్టలు, చేతిలో డబ్బు ఉండాలి. బర్షైణీ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికల్లా కిందికి వస్తారో వాళ్లకు కాగితం మీద రాసిచ్చి బయల్దేరండి.