ఫిజిక్స్ రీసెర్చ్‌కి ఎకనామిక్స్ ఎందుకంటారా? నాకు అర్ధ రూపాయి దగ్గర తెలిసింది

మీ ప్రశ్న ఇదీ: "ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్నా, మెటీరియల్స్ వైపు పీహెచ్‌డీకి వెళ్దామనుకుంటున్నా, ఇంజినీరింగ్ ఎకనామిక్స్ కూడా పట్టించుకోవాలా లేక ఫిజిక్స్ గట్టిగా ఉంటే సరిపోతుందా?" సరిపోదండి. ఎందుకు సరిపోదో నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు, 2019లో ఒక సోలార్ సెల్ ఫ్యాక్టరీలో ఒక పెద్దాయన అట్టపెట్టె మీద పెన్నుతో లెక్కేసి చూపించాడు. అదే చెప్తా.

మాది కర్నూలు వైపు. ఓర్వకల్లు పక్కన గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చింది కదా, 2017లో అది పూర్తిగా నడవడం మొదలయ్యేటప్పటికి నేను సోలార్ సెల్స్ మీద పీహెచ్‌డీలో ఉన్నా. పండక్కి ఇంటికెళ్తే మా మామయ్య "నువ్వు చేసేది ఇదేనా అల్లుడూ" అని బండి మీద తీసుకెళ్ళి ఆ ప్యానెల్స్ చూపించేవాడు, నాకు గర్వంగా ఉండేది.

నా టాపిక్ ఏంటంటే, సెల్ మీద సన్నగా వెండి గీతలుంటాయి చూడండి, ఆ గీతకీ కింద సిలికాన్‌కీ మధ్య జరిగేది. మామూలుగా వెండి పేస్టుని జల్లెడ లాంటి స్క్రీన్ మీదుగా ప్రింట్ చేసి, దాదాపు 800 డిగ్రీల ఫర్నేస్‌లోంచి కొన్ని సెకన్లలో లాగేస్తారు. పేస్టులో కలిపిన గాజు పొడి కరిగి, సెల్‌కి నీలం రంగునిచ్చే సిలికాన్ నైట్రైడ్ పొరని తినేసి లోపలికి దారి చేస్తుంది, వెండి సిలికాన్‌ని తాకుతుంది. కానీ లోహం తాకిన చోట ఎలక్ట్రాన్లు బయటికి రాకుండా అక్కడే కలిసిపోయి వృథా అవుతాయి. ఆ వృథా తగ్గించడానికి మధ్యలో ఒక పల్చటి పొర వేసి వాక్యూమ్‌లో 40 నిమిషాలు వేడి చేసేవాణ్ణి. రెండు సెంటీమీటర్ల ముక్క మీద 20 శాతం ఉన్న ఎఫిషియెన్సీ, అంటే పడ్డ ఎండలో కరెంటుగా మారే వంతు, 20.2కి వచ్చింది. దానికి మూడేళ్ళు పట్టింది. ఇది చిన్న విషయం కాదు, ఆ ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు.

మా గైడ్ గారు "ఒకసారి లైన్ చూసి రా" అని ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ ప్రింటింగ్ సెక్షన్ చూసుకునేది తెనాలి వైపు ఆయన, యాభై దాటి ఉంటాయి. నేను ఉత్సాహంగా గ్రాఫులన్నీ చూపించా. ఓపిగ్గా విని ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎంతసేపు పడుద్ది బాబూ ఇది?"

"నలభై నిమిషాలు సార్."

ఆయన పక్కకి తిరిగి బెల్టు చూపించాడు. సెకనుకి ఒక సెల్ పోతోంది. "నీ నలభై నిమిషాల్లో నాకు 2400 సెల్స్ దాటిపోతాయి" అని, వేఫర్లు, అంటే సెల్ చేసే సిలికాన్ పలకలు, వచ్చిన అట్టపెట్టె ఒకటి దగ్గరికి లాక్కుని దాని మీద రాయడం మొదలెట్టాడు. సెల్ 5 వాట్లు. 20 నుంచి 20.2 అంటే ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు పెరిగినట్టు, అంటే 0.05 వాట్. వాట్ పది రూపాయలు వేసుకో. "అర్ధ రూపాయి. కరెంటు, గ్యాసు, మిషన్ కిస్తీ, పగిలే సెల్స్, అన్నీ ఆ అర్ధ రూపాయిలోనే సర్దాలి." తర్వాత దాని కిందే ఇంకో లెక్క. సెల్‌కి వెండి సుమారు 100 మిల్లీగ్రాములు, కిలో నలభై వేలు అనుకుంటే సెల్‌కి 4 రూపాయలు, గంటకి 360 గ్రాములు, రోజుకి దాదాపు మూడున్నర లక్షల వెండి ఆ బెల్టు మీద పోతోంది. "ఒక 10 మిల్లీగ్రాములు తగ్గించి చూపించు, 40 పైసలు మిగుల్తాయి, ఒక్క కొత్త మిషన్ కూడా కొనక్కర్లేదు" అన్నాడు.

నా మూడేళ్ళ పనికి యాభై పైసలు, పది మిల్లీగ్రాముల వెండికి నలభై పైసలు. ఆ రాత్రి బస్సులో ఫోన్‌లో అదే లెక్క మళ్ళీ మళ్ళీ చేశా. ఎఫిషియెన్సీ పెరిగితే అదే వాట్లకి గాజు, ఫ్రేము, కేబుల్, స్థలం కూడా తగ్గుతాయి, ఆయన అది వదిలేశాడు, దాన్నీ కలిపితే నాకు రూపాయి దాకా వచ్చింది. అయినా 40 నిమిషాల వాక్యూమ్ ఫర్నేస్ ఆ రూపాయిలో పట్టదు, ఎన్నిసార్లు వేసినా పట్టలేదు.

తిరిగొచ్చాక టాపిక్ మార్చా, వెండి తగ్గించడం మీదకి. అప్పుడే అసలు ఫిజిక్స్ మొదలైంది, ఇది మీరు గుర్తుపెట్టుకోండి. గీత వెడల్పుగా ఉంటే ఎండని అడ్డుకుంటుంది, సన్నగా ఉంటే కరెంటుకి రెసిస్టెన్స్ పెరుగుతుంది. కానీ గీతలో వృథా అయ్యే పవర్ దాని పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది, అందుకని గీతలకి అడ్డంగా పోయి వాటి కరెంటుని పోగుచేసే పట్టీలు, అంటే బస్‌బార్లు, రెట్టింపు చేస్తే గీతలో కరెంటు నడిచే దూరం సగమై ఆ నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది, గీత ఇంకా సన్నగా వేసుకోవచ్చు. మీ వీధిలో పాత ప్యానెల్ ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి, పాతదాంట్లో సెల్‌కి రెండో మూడో మందపాటి పట్టీలుంటాయి, కొత్తదాంట్లో తొమ్మిదో పదో లేదా ఇంకా ఎక్కువో సన్న తీగలుంటాయి. వెండి ధర ఒత్తిడి లేకపోతే ఆ మార్పు ఇంత తొందరగా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

అసలు సోలార్ చరిత్ర మొత్తం ఇదే. 1954లో బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసిన సిలికాన్ సెల్ 6 శాతం. ఇవాళ మార్కెట్లో దొరికే ప్యానెల్స్ 20 దాటాయి, అంటే మూడు నాలుగు రెట్లు. ధర చూడండి, 1970ల మధ్యలో వాట్‌కి ఇవాళ్టి లెక్కల్లో వంద డాలర్ల దాకా ఉండేది, ఇప్పుడు అర డాలర్ కూడా లేదు. ఎఫిషియెన్సీ ఒక్కటే ఇంత తగ్గించలేదు కదా. విమానాల తయారీలో ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు ఒక లెక్కలో తగ్గుతుందని థియొడోర్ రైట్ 1936లోనే రాశాడు, సోలార్‌లో అది సుమారు 20 శాతం చొప్పున దశాబ్దాలుగా నడుస్తోంది. 2008లో సెల్స్‌కి ముడిసరుకైన పాలీసిలికాన్ కిలో 400 డాలర్లు దాటినప్పుడు సిలికాన్ లేని సెల్స్ మీద డబ్బులు కుమ్మరించారు, ధర పడిపోయాక అలాంటి సెల్స్ చేసే సోలిండ్రా అనే అమెరికా కంపెనీ 2011లో దివాలా తీసింది. వాళ్ళ ఫిజిక్స్ తప్పు కాదు, పక్కనున్న సిలికాన్ ధర మారిపోయింది.

మనవాళ్ళ మీద నాకున్న కోపం కూడా చెప్పేస్తా. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజు నుంచీ ఎకనామిక్స్ అంటే సీఈసీ పిల్లల సబ్జెక్టు, ర్యాంకు రానివాళ్ళ చదువు అని బుర్రలోకి ఎక్కించేస్తారు. నాకు పీహెచ్‌డీ మూడో ఏడు దాకా తరుగుదల, అంటే మిషన్ విలువ ఏటా తగ్గే లెక్క, ఏంటో తెలీదు, వడ్డీ కలిపి మిషన్ ఖర్చు సెల్‌కి ఎంత పడుతుందో లెక్కేయడం రాదు, ఇది ఎవరి తప్పు? క్యాంపస్‌లో ఫిజిక్స్ బిల్డింగ్‌కీ మెటలర్జీ బిల్డింగ్‌కీ మధ్య టీ కొట్టు ఉండేది, రెండు వైపుల వాళ్ళూ అక్కడే తాగుతారు, ఒకళ్ళ ల్యాబ్‌లోకి ఒకళ్ళు మాత్రం అడుగు పెట్టరు. పేపర్లు చూస్తే గోరంత సెల్ మీద రికార్డు ఎఫిషియెన్సీ ఉంటుంది, ఒక్క సెల్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో, వందలో ఎన్ని పాడయ్యాయో రాయరు. ఆ రెండు అంకెలు తప్పనిసరి చేయాలని నేను ఎక్కడ మాట్లాడినా అడుగుతూనే ఉన్నా.

ఇప్పుడు నేను రాగి మీద పనిచేస్తున్నా. కరెంటు మోయడంలో వెండికి దాదాపు సమానం, ధర దాని పక్కన ఏపాటిది? కానీ రాగి సిలికాన్‌లోకి జొరబడితే సెల్ చచ్చిపోతుంది, అందుకని మధ్యలో నికెల్ పొర అడ్డం పెట్టాలి. ఇది కొత్త ఆలోచనేం కాదు, ఆస్ట్రేలియాలో మార్టిన్ గ్రీన్, స్టూవర్ట్ వెన్‌హామ్ 1980ల్లోనే లేజర్‌తో గాడి తీసి అందులో నికెల్, రాగి నింపారు, బీపీ సోలార్ దాన్ని అమ్మింది కూడా. స్క్రీన్ ప్రింటింగ్ వేగం ముందు అది నిలబడలేదు. 2025లో మన దగ్గర కిలో వెండి లక్ష దాటింది, ప్రపంచంలో ఏటా వాడే వెండిలో పదో వంతు కంటే ఎక్కువ సోలార్‌కే పోతోంది, అందుకే నలభై ఏళ్ళ నాటి ఆ ప్రశ్న మళ్ళీ బతికింది. మీరు పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కునేటప్పుడు ఇలాంటివి చూసుకోండి, ఏ ధర మారి ఏ పాత ప్రశ్న లేచి కూర్చుందో.

నా టేబుల్ మీద ఇప్పుడున్న సమస్య మాత్రం అతుకు. గీత మీద టేపు అంటించి లాగి చూస్తాం, మొన్న పది గీతల్లో మూడు లేచొచ్చేశాయి, నికెల్ కింద సిలికాన్ సరిగ్గా శుభ్రం కాలేదని నా అనుమానం. సోమవారం మళ్ళీ లాగి చూడాలి.