జ్ఞాపకార్థ కూడికలో ద్యూరుఫ్లే వాయించబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

మీ ఆర్గన్ మాస్టారు గారు పోయారని నీ మెసేజ్ చూశాక రెండు రోజులు హార్మోనియం మూత తియ్యబుద్ధి కాలేదు. ఆయన్ని నేను చూసింది ఒక్కసారే, మీ చర్చి మెట్ల దగ్గర. ఆర్గన్ పెడళ్లు తొక్కడానికి వేసుకునే బూట్లు సంచిలో పెట్టుకుని వస్తున్నారు. 'మా పనివాడు వంక లేకుండా పాలిష్ చేసేది వీటినొక్కటేనమ్మా' అని నీతో అని నవ్వారు, గుర్తుందా?

ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఫ్రెంచి స్వరకర్త ద్యూరుఫ్లే రాసిన 'అలేన్ పేరు మీద ప్రెల్యూడ్, ఫ్యూగ్' వాయిస్తానన్నావు. ఎంపిక సరైనదే. జెహాన్ అలేన్ కూడా ఆర్గనిస్టే. రెండో ప్రపంచ యుద్ధంలో మోటారు సైకిలు మీద సందేశాలు మోసే సిపాయిగా వెళ్లి, 1940 జూన్ 20న ఫ్రాన్స్‌లోని సోమ్యూర్ దగ్గర పోరులో చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. ద్యూరుఫ్లే 1942లో అతని పేరునే స్వరాలుగా మార్చాడు. జర్మన్ పద్ధతిలో స్వరాల పేర్లు ఎ నుంచి మొదలై హెచ్‌తో అయిపోతాయి కదా, ఆ తర్వాతి అక్షరాలను మళ్లీ ఎ కిందనుంచి వరుసగా పేర్చితే, అలేన్ అన్న పేరు ఎ, డి, ఎ, ఎ, ఎఫ్ అవుతుంది. ముందు వచ్చే భాగం ప్రెల్యూడ్ కదా, దాని చివర్లో అలేన్ సొంత రచన 'లితనీ' రాగం వినిపిస్తుంది. చచ్చిపోయినవాడు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డట్టుంటుంది. అక్కడ స్టాపులు, అదే పైపుల వరసలు తెరిచే మీటలు, పెంచకు. జనం చెవులు రిక్కించి వినాలి.

ఇక ఫ్యూగ్, ఒకే స్వరవాక్యాన్ని ఒక గొంతు తర్వాత ఒక గొంతు అందుకునే భాగం. అందరూ మొదటి పేజీ నుంచి సాధన చేస్తారు, చివరి పేజీలకొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఈ ఫ్యూగ్‌లో మెల్లగా నడిచే మొదటి స్వరవాక్యం, పరుగులు తీసే రెండోది చివర్లో కలుస్తాయి, వేగం కూడా పెరుగుతూ వస్తుంది. అంటే అతి తక్కువ సాధన చేసిన చోటే అతి కష్టం. నువ్వు చివరి నుంచి మొదలుపెట్టు. ముందు కాళ్లతో వాయించే పెడల్ ఒక్కటే, తర్వాత పెడల్‌తో ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఆఖర్న. చివరి పేజీలో నీ కాళ్లు తడబడకుండా మోయగలిగిన వేగం ఏదో తేల్చుకుని, అక్కణ్నించి వెనక్కి లెక్కేసి మొదటి పేజీ వేగం పెట్టుకో. మొదట్లోనే హడావుడి పడితే చివర్లో పరిగెత్తడానికి చోటుండదు.

నీకు హార్మోనియం అలవాటు ఇంకా పోలేదని నా అనుమానం. అక్కడ తిత్తి ఊపుతో స్వరం ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆర్గన్ మెట్టు ఎంత గట్టిగా నొక్కినా పైపు మోత మారదు. అందుకే వేలు ఎప్పుడు ఎత్తాలన్నదే ఇక్కడ అసలు విద్య. చర్చిలో ప్రతిధ్వని ఎక్కువైతే ఇంకా తొందరగా ఎత్తు. వీలైతే ఒకర్ని కింద బల్ల మీద కూర్చోబెట్టి, స్వరాలు కలగాపులగం అవుతున్నాయేమో అడుగు.

నా గురువు కూడికలో నేను ఏడుస్తూ వాయించాను. కళ్లు మసకబారి రెండు పేజీలు ఒకేసారి తిప్పాను. పక్కనెవరూ లేరు. ఫ్యూగ్ మధ్యలో తెగింది, ఎలాగో అతుకేశాను. జనం దయగా ఏమీ అనలేదు గాని, నాకు ముప్పై ఏళ్లుగా మింగుడు పడలేదు. ఏడుపు సాధనలోనే ఏడ్చెయ్యి. ఆ రోజు పేజీ తిప్పే మనిషిని పెట్టుకో. ముందురోజు స్టాపుల కలయికలు మళ్లీ సరిచూసుకో. మరొకరు వచ్చి మార్చేసి పోవడం మామూలే.

కూడికకి రెండు వారాల ముందు కూడా ఫ్యూగ్ తడబడుతుంటే, పట్టుదలకి పోకు. అలేన్ 1934లో రాసిన 'వేలాడే తోట' వాయించు. చిన్నది, నిదానంగా సాగుతుంది. మీ పాస్టరు గారికి నువ్వే చెప్పు, సిగ్గేమీ లేదు.

మాస్టారు నీకిచ్చిన పుస్తకంలో ఆయన పెన్సిలు గీతలు, వేళ్ల నంబర్లు ఉన్నాయన్నావు. నీ చేతికి కుదరనివి ఉంటే పక్కనే నీవి రాసుకో. రబ్బరు మాత్రం పెట్టకు.

నీ పెదనాన్న