సోలార్ పెట్టుబడి ఐదేళ్లలో వెనక్కి వస్తుందా?

ప్రశ్న: డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామని కొటేషన్ తీసుకున్నాం. ఐదేళ్లలో పెట్టుబడి మొత్తం వెనక్కి వస్తుందని, తర్వాత 20 ఏళ్లు కరెంటు ఉచితమేనని కంపెనీ వాళ్లు లెక్క రాసిచ్చారు. ఇందుకోసం ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసుకోవాలి. మేమిద్దరం ఉద్యోగులం, పగలు ఇంట్లో ఎవరూ ఉండం. నెట్ మీటరింగ్ నిబంధనలు మారతాయని అంటున్నారు. ఇప్పుడే పెట్టించాలా, ఆగాలా? బ్యాటరీ కూడా తీసుకోమంటున్నారు, అవసరమా?

జవాబు: మీ లెక్క మొత్తాన్ని మార్చేసే మాట మీరే రాశారు: పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. కంపెనీ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఆ విషయం ఎక్కడైనా ఉందేమో చూడండి. బహుశా ఉండదు. నెట్ మీటరింగ్‌లో దాని అవసరం రాదు మరి. మధ్యాహ్నం మీరు గ్రిడ్‌కు పంపిన యూనిట్‌ను రాత్రి వాడుకున్న యూనిట్‌తో పంపిణీ సంస్థ చెల్లు వేస్తుంది. ఎప్పుడు వాడినా లెక్క ఒకటే.

ఆ నిబంధన మారితే ఏమవుతుందో చూద్దాం. నెలకు 400 యూనిట్లు వాడతారు, సిస్టమ్ కూడా 400 యూనిట్లే ఇస్తుంది అనుకుందాం. పగలు ఫ్రిజ్, వైఫై లాంటివి నడవడానికి 100 యూనిట్లు ఖర్చవుతాయి, మిగతా 300 గ్రిడ్‌కు వెళతాయి. పూర్తి చెల్లు ఉన్నంతకాలం మీకు నెలకు 400 యూనిట్ల డబ్బు మిగులుతుంది. ఐదేళ్ల లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. రేపు గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు, మీరు కొనే ధరలో పావు వంతే ఇస్తామన్నారనుకోండి. అప్పుడు మిగిలేది 100, దానికి 300లో పావు 75 కలిపి 175 యూనిట్ల విలువ. ఐదేళ్లు కాస్తా పదకొండేళ్లు దాటుతుంది. ప్యానెల్ అదే, ఎండ అదే.

ఇదేదో ఊహించి భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలోని హవాయిలో కొత్తవారికి నెట్ మీటరింగ్‌ను 2015లోనే ఆపేశారు. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్‌లో నెట్ బిల్లింగ్‌కు, అంటే యూనిట్‌కు యూనిట్ చెల్లు వేయకుండా పంపిన యూనిట్‌కు వేరే ధర కట్టే పద్ధతికి మారింది. అక్కడ గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు దక్కే విలువ ఒక్కసారిగా పడిపోయింది. నెదర్లాండ్స్‌లో ఈ చెల్లు పద్ధతి 2027 జనవరి 1తో ముగుస్తుంది. స్పెయిన్ అయితే సొంతంగా తయారు చేసుకునే విద్యుత్‌పై 2015లో ఛార్జీ వేసి, జనం దాన్ని ‘ఎండ పన్ను’ అని ఎద్దేవా చేశాక 2018లో ఎత్తేసింది.

పంపిణీ సంస్థల బాధ కూడా వినాలి. మధ్యాహ్నం అందరి డాబాల మీదా ఎండ ఒకేసారి కాస్తుంది. అందరూ ఒకేసారి గ్రిడ్‌కు పంపుతారు, ఆ గంటల్లో కరెంటు చవకైపోతుంది. పొద్దు గూకగానే అందరూ ఒక్కసారిగా వాడకం మొదలుపెడతారు. కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లో గీసిన ‘బాతు గ్రాఫు’ దీనికి ప్రసిద్ధి: ఇళ్లకు గ్రిడ్ నుంచి కావాల్సిన కరెంటు మధ్యాహ్నం బాతు పొట్టలా కిందికి జారి, సాయంత్రం మెడలా నిటారుగా లేస్తుంది. చవక వేళ తీసుకున్న యూనిట్‌ను ఖరీదైన వేళ సమానంగా చెల్లు వేస్తే, ఆ తేడాతో పాటు తీగలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చూ సోలార్ లేని ఇళ్ల మీద పడుతుంది. కాబట్టి గంటను బట్టి ధర మారే టారిఫ్‌లు రావడం నా దృష్టిలో సబబే. వాటిని ముందే చెప్పకుండా మీద పడేయడమే అన్యాయం. అమెరికాలోని నెవాడాలో 2015 డిసెంబరులో అదే చేశారు. అప్పటికే ప్యానెళ్లు పెట్టుకున్నవారికీ కొత్త రేట్లు వర్తింపజేశారు. పెద్ద గొడవయ్యాక, 2016లో పాతవారికి పాత పద్ధతి తిరిగి ఇచ్చారు.

అందుకే మీరు పంపిణీ సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ రోజు కనెక్షన్ తీసుకుంటే ఇప్పటి నిబంధన నాకు ఎన్నేళ్లు వర్తిస్తుంది? సేల్స్ ప్రతినిధి నోటి మాట పనికిరాదు, ఒప్పందంలో రాసి ఉండాలి. పదేళ్లకు తక్కువ కాకుండా హామీ ఉంటే ఆగొద్దు, నిబంధన మారకముందే దరఖాస్తు చేయండి. ఆగితే ప్యానెళ్ల ధర కాస్త తగ్గవచ్చేమో గానీ, పాత నిబంధన చేజారితే పోయేది అంతకంటే ఎక్కువ. హామీ లేకపోతే చిన్నదానితో మొదలుపెట్టండి. పై ఉదాహరణలోనే నెలకు 160 యూనిట్లు ఇచ్చే సిస్టమ్ అయితే, అందులో 90 వరకు మీరే వాడేస్తారు. పావు ధర వచ్చినా దాదాపు ఏడున్నరేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. తర్వాత పెంచుకోవడానికి వీలుగా డాబా మీద చోటు వదిలి, ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పరికరం) మాత్రం కొంచెం పెద్దది తీసుకోండి. వాటర్ హీటర్‌కూ వాషింగ్ మెషీన్‌కూ టైమర్ పెట్టి మధ్యాహ్నం నడిచేలా చేస్తే లెక్క ఇంకా మెరుగవుతుంది.

ఇన్వర్టర్ సంగతి వచ్చింది కాబట్టి, కొటేషన్లలో కనిపించని మరో విషయం. మీ లైన్ మీద ఇప్పటికే చాలా ఇళ్లకు సోలార్ ఉంటే, మంచి ఎండలో వోల్టేజీ పరిమితి దాటి ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోవచ్చు. ఎర్ర లైటు వెలుగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఉత్పత్తి బాగా ఉండాల్సిన వేళే నష్టం. వోల్టేజీని బట్టి ఉత్పత్తిని తనంతట తాను సర్దుకునే ఇన్వర్టర్లకు ఈ ఇబ్బంది తక్కువ. దక్షిణ ఆస్ట్రేలియాలో రద్దీ ఉన్న లైన్లలో ఎప్పుడూ 1.5 కిలోవాట్లకు మించి పంపకూడదన్న కట్టడి ఒక మార్గం. గ్రిడ్ పరిస్థితిని బట్టి 10 కిలోవాట్ల వరకు పంపనిచ్చే పద్ధతి మరో మార్గం. రెండోది ఎంచుకోవాలంటే గ్రిడ్‌తో మాట్లాడగల ఇన్వర్టర్ ఉండాలి. నిజంగా ఇంటి సోలార్‌ను ఉపయోగపడేలా చేసే సంస్కరణ ఇలాంటిదే. సబ్సిడీల గురించి జరిగే ప్రచారంలో పదో వంతు కూడా దీనికి జరగదు.

బ్యాటరీ ఇప్పుడు వద్దు. మధ్యాహ్నం ధరకూ సాయంత్రం ధరకూ బాగా తేడా ఉన్నచోటే దానికి డబ్బు గిట్టుబాటవుతుంది. పూర్తి చెల్లు దొరుకుతున్నప్పుడు గ్రిడ్డే మీకు ఉచిత బ్యాటరీ. కరెంటు కోతలు ఎక్కువైతే మాత్రం ఆలోచించండి. గ్రిడ్ పోగానే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు చేశారు. ‘సోలార్ ఉంటే కోతలే ఉండవు’ అని ఎవరైనా అంటే, బ్యాటరీ లేకుండా ఎలా అని అడగండి.

ఇక డిపాజిట్. అది మీ అత్యవసర నిధి అయితే ముట్టుకోవద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు పక్కన ఉండి, ఇది దానికి అదనమైతే వాడుకోవచ్చు. ముందే రద్దు చేస్తే వడ్డీలో ఎంత కోత పడుతుందో బ్యాంకులో కనుక్కోండి. గడువు రెండు మూడు నెలల్లోనే ముగిసేట్టయితే, ఈలోగా మీటరు దరఖాస్తు పనులు పూర్తి చేసుకోవచ్చు. ఏడాదికి దాదాపు అర శాతం చొప్పున ప్యానెళ్ల సామర్థ్యం తగ్గుతుంది. పది పదిహేనేళ్లకు ఒకసారి ఇన్వర్టర్ మార్చాల్సి వస్తుంది. ఈ రెండూ కలిపి లెక్క మళ్లీ వేయమని కంపెనీ వాళ్లను అడగండి. గ్రిడ్‌కు పంపే యూనిట్‌కు పావు ధరే వస్తుందనుకుని మరో కాగితం కూడా రాసివ్వమనండి. ఆ కాగితంలో పన్నెండేళ్లు దాటితే సంతకం పెట్టకండి.