పన్నులు పెంచాలనే డబ్బున్నోళ్లు తమ పన్ను తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: మా బావగారికి టౌన్‌లో రెండు కాంప్లెక్సులు, బాగానే షేర్లు, ఊళ్లో మామిడితోట ఉన్నాయి. ఏ పెళ్లికెళ్లినా భోజనాల దగ్గర కూర్చుని "మన దేశంలో డబ్బున్నోళ్ల మీద టాక్స్ చాలా తక్కువండీ, స్వీడన్‌లో చూడండి" అని మొదలెడతారు. మార్చి వచ్చేసరికి మాత్రం సీఏ ఆఫీసులోనే మకాం. హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం పేరుతో విడిగా పన్ను లెక్క) అంటారు, మా అక్క పేరు మీద డిపాజిట్ అంటారు, తోట ఆదాయం అంటారు. ఉండబట్టలేక ఒకసారి "మరి మీరే కాస్త ఎక్కువ కట్టొచ్చుగా బావగారూ" అన్నాను. "చట్టంలో ఉన్నదేగా వాడుకుంటున్నా, వారెన్ బఫెట్ అంతటోడు కూడా అదే చేశాడు" అన్నారు. ఇది రెండు నాలుకల వ్యవహారం కాదంటారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు చిన్న మాట, ఈసారి పెళ్లిలో స్వీడన్ పేరెత్తితే వాళ్లు సంపద పన్ను 2007లో ఎత్తేశారనీ వారసత్వ పన్ను అంతకు ముందే పోయిందనీ మీ బావగారి చెవిన వేయండి. జీతాల మీదా కొనుగోళ్ల మీదా అక్కడ పన్ను గట్టిగానే ఉంటుంది, అది వేరే కథ.

ఇక అమెరికా కుబేరుడు బఫెట్ సంగతి. 2011 ఆగస్టులో ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశాడు, మాలాంటి వాళ్లని ఇంక ముద్దు చేసింది చాలు, మిలియన్ డాలర్లు దాటిన ఆదాయం మీద రేటు పెంచండి అని. లెక్క కూడా తనే బయటపెట్టాడు. 2010కి కట్టిన ఫెడరల్ టాక్స్ 69,38,744 డాలర్లు, అది తన పన్ను పడే ఆదాయంలో 17.4 శాతమే, ఆఫీసులో మిగతా 20 మందికేమో 33 నుంచి 41 శాతం దాకా పడింది. వాళ్లవి జీతాలు, ఈయనవి ఎక్కువ భాగం పెట్టుబడుల లాభాలు, ఆ లాభాల మీద అప్పట్లో రేటు 15 శాతం, అంతకు మించి మాయేం లేదు.

పన్ను పెంచొద్దనేవాళ్లు వెంటనే పట్టుకున్నారు, అంత ఇష్టంగా ఉంటే చెక్కు రాసి పంపొచ్చుగా అని. పంపడానికి దారి కూడా ఉంది, ప్రభుత్వానికి ఊరికే డబ్బివ్వాలనుకునేవాళ్ల కోసం అమెరికా ఖజానాలో 1843 నుంచే ఒక ఖాతా ఉంది. మీరు మీ బావగారిని అడిగింది కూడా అచ్చంగా ఈ ప్రశ్నే.

నాకైతే ఆ ప్రశ్న అంత బలంగా అనిపించదండీ. 2011లో అమెరికా ప్రభుత్వం ఖర్చు సుమారు 3.6 ట్రిలియన్ డాలర్లు, భాగించి చూస్తే బఫెట్ ఏడాది మొత్తం కట్టిన పన్ను ఆ ప్రభుత్వం నడవడానికి దాదాపు ఒక్క నిమిషానికి సరిపోతుంది. ఇంకో రెండింతలు స్వచ్ఛందంగా ఇచ్చాడనుకోండి, మూడు నిమిషాలు. ఆయన అడిగింది తన ఒక్కడి డబ్బు తీసుకోమని కాదు కదా, తనలాంటి వాళ్లందరి మీదా రూలు మార్చమని. ఊరి చెరువు పూడిక తీయాలి, ఎకరానికి ఇంత చొప్పున అందరం వేసుకుందాం అని ఒక రైతు అంటే, ముందు నీ వంతు నువ్వు ఇచ్చెయ్ మా సంగతి తర్వాత చూద్దాం అన్నారనుకోండి, ఆ రైతు డబ్బులు పోతాయి తప్ప చెరువులో తట్టెడు మట్టి కూడా లేవదు.

అందుకే పన్ను పెంచమన్న ప్రతివాడూ ముందు తను అదనంగా కట్టి చూపించాలి అన్న షరతు పెడితే ఇంక డబ్బున్నోళ్లెవరూ ఆ మాట ఎత్తరు, ఎత్తకూడదనుకునేవాళ్లకి కావాల్సింది కూడా అదే.

అలాగని బఫెట్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, అసలు పట్టుకోవాల్సింది ఇంకోచోట ఉంది. 2021 జూన్‌లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ అమెరికా కుబేరుల టాక్స్ లెక్కలు బయటపెట్టింది. 2014 నుంచి 2018 దాకా బఫెట్ సంపద 24.3 బిలియన్ డాలర్లు పెరిగింది, ఆ అయిదేళ్లలో ఆదాయం కింద చూపించింది 125 మిలియన్లు, కట్టిన పన్ను 23.7 మిలియన్లు. పెరిగిన సంపదతో పోల్చితే వందకి పది పైసలు! దొంగలెక్క ఒక్కటి కూడా లేదు అందులో. ఆయన కంపెనీ బెర్క్‌షైర్ డివిడెండ్ ఇవ్వదు, 1967లో ఒక్కసారి ఇచ్చింది అంతే, ఆయన షేర్లు అమ్ముకోడు, అమ్మనప్పుడు లాభం ఆదాయం కాదు, ఆదాయం కానప్పుడు ఇన్‌కమ్ టాక్స్ దేనిమీద వేస్తారు.

ఇప్పుడు 2011 వ్యాసం మళ్లీ చదవండి. ఆయన పెంచమన్నది ఆదాయం మీద రేటు, ఆయన దగ్గర కొండలా ఉన్నది ఆదాయం కాదు. ఒబామా దాన్నే బఫెట్ రూల్ అని పేరు పెట్టి 30 శాతం కనీస రేటు తెద్దామని చూశాడు, 2012 ఏప్రిల్‌లో సెనెట్‌లో 51–45 వచ్చినా కావాల్సిన 60 రాక ఆగిపోయింది. సరే, పాసయ్యిందే అనుకుందాం, అయితే బఫెట్‌కి కొన్ని మిలియన్లు ఎక్కువ పడేది, ఆ 24 బిలియన్లకి మాత్రం గీత కూడా పడేది కాదు. ప్రోపబ్లికాకి ఇచ్చిన సమాధానంలో ఆయన చెప్పింది ఇంకా తమాషాగా ఉంటుంది, నా డబ్బు అమెరికా అప్పు ఇంత ముక్క తగ్గించడానికి పోయేకంటే దానధర్మాలకి వెళ్తేనే సమాజానికి ఎక్కువ ఉపయోగం అన్నట్టుగా చెప్పాడు. 2006లోనే ఆస్తిలో ఎక్కువ భాగం దానమిస్తానని ప్రకటించాడు, ఇస్తున్నాడు కూడా, దాన్ని నేను తక్కువ చేయను. కానీ డబ్బు ఎక్కడ ఖర్చవ్వాలో ప్రభుత్వం కంటే నాకే బాగా తెలుసు అనడం పన్నులు వద్దనేవాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే కదండీ.

పనిలోపని ఇంకో వింత చెప్తాను. 2012లో ప్రెసిడెంట్ ఎలక్షన్లో నిలబడ్డ మిట్ రామ్నీ పన్నులు తగ్గించాలనే పక్షం, చట్టప్రకారం కట్టాల్సినదానికంటే ఎక్కువ కడితే ప్రెసిడెంట్ పదవికి నేను తగనేమో అని కూడా అన్నాడు, ఆ మనిషే ఎలక్షన్ల ముందు 2011 రిటర్న్‌లో దాదాపు 40 లక్షల డాలర్ల దానాలు చేసి మినహాయింపు మాత్రం సుమారు 22.5 లక్షలకే తీసుకున్నాడు, ఎందుకంటే మొత్తం తీసుకుంటే తన రేటు మరీ కిందికి పోయి ఓటర్ల ముందు పరువు పోతుంది. అలా చేస్తే రేటు 14.1 శాతం తేలింది. పన్ను తగ్గించాలన్నాయన కావాలని ఎక్కువ కట్టాడు, పెంచాలన్నాయన ఉన్నదే కట్టాడు, ఎవరి జేబులోంచి ఎంత పోయిందన్నది చూసి ఎవరి వాదన నిజమో తేల్చలేం అనడానికి ఇంతకంటే ఏం కావాలి.

సరే, మీ బావగారి "చట్టంలో ఉన్నదే" దగ్గరికొద్దాం. ఈ మాటకి పెద్ద చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లో వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ అని ఒక జమీందారు తోటమాలికి జీతం అని ఇస్తే పన్నులో తగ్గదని, అదే డబ్బుని ఏటా ఇచ్చే భృతిలా దస్తావేజు రాసిచ్చాడు, 1935లో అక్కడి పై కోర్టు అది చెల్లుతుందంది. మన దగ్గర 1985లో దాన్ని గట్టిగా కొట్టిపారేసింది ఎవరో తెలుసా, మన అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. కేసు కూడా మనదే, మెక్‌డోవెల్ కంపెనీ హైదరాబాద్ డిస్టిలరీది. మందు కొనేవాళ్లే ఎక్సైజ్ డ్యూటీ నేరుగా ప్రభుత్వానికి కట్టేస్తున్నారు కాబట్టి అది మా టర్నోవర్‌లోకి రాదు, దానిమీద సేల్స్ టాక్స్ కట్టం అన్నారు వాళ్లు, సుప్రీంకోర్టు కుదరదంది. చిన్నప్పరెడ్డి గారు విడిగా రాసిన తీర్పులో పన్ను తప్పించుకోవడం వల్ల ఏమేం నష్టాలో వరసగా చెప్పారు. ఖజానాకి గండి, నల్లధనం, తెలివైన బుర్రలన్నీ ఈ ఎత్తులూ పైఎత్తులకే ఖర్చయిపోవడం, ఆఖరికి ఆ బరువంతా ఎత్తులు తెలియని అమాయకుల మీద పడటం. ఆ బుర్రల పాయింటు నాకు భలే నచ్చుతుంది, ఎవరూ అనరు ఆ మాట. తర్వాత 2003లో, మారిషస్ దారిలో పెట్టుబడులు పెట్టి పన్ను తగ్గించుకునేవాళ్ల కేసులో సుప్రీంకోర్టు ఆయన ధోరణి నుంచి కాస్త వెనక్కి తగ్గింది, చివరికి 2017 ఏప్రిల్ నుంచి గార్ అనే రూల్స్ వచ్చాయి, పన్ను తగ్గించడం తప్ప ఇంకే పనీ లేని ఏర్పాటు చేస్తే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. బోనస్ షేర్లతో ధర పడేలా చేసి నష్టం చూపించిన ఒక కేసులో 2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టు కూడా డిపార్ట్‌మెంట్ వైపే మొగ్గింది.

కాబట్టి మీ బావగారి లిస్టు విడదీసి చూడాలి. హెచ్‌యూఎఫ్ నిజంగా ఉమ్మడి ఆస్తి ఉండి పెట్టుకుంటే తప్పేం లేదు, ప్రభుత్వమే ఇచ్చిన వెసులుబాటు. అక్కగారి పేరు మీద డిపాజిట్ అంటారా, డబ్బు ఆయనదైతే వడ్డీ తిరిగి ఆయన ఆదాయంలోనే కలుస్తుంది, కలపకపోతే అది తెలివితేటలు కాదు ఎగవేత, సీఏని మళ్లీ అడగమనండి. తోట దగ్గరే అసలు పరీక్ష. కాసిన కాయ అమ్మిన డబ్బయితే దానిమీద పన్ను లేదు, కాంప్లెక్స్ అద్దెలూ ప్లాట్ల మీద వచ్చిన డబ్బూ తెచ్చి మామిడికాయల లెక్కలో రాస్తే మాత్రం రేపు పెళ్లిలో ఆయన స్వీడన్ గురించి నోరెత్తకపోవడమే మర్యాద.

మీరు అడగాల్సిన ప్రశ్న నా లెక్కలో ఇదీ, "బావగారూ, ఏ టాక్స్ పెంచమంటారు?" ఇప్పుడు కొత్త పద్ధతిలో 24 లక్షలు దాటిన జీతం మీద 30 శాతం, లిస్టెడ్ షేర్లు ఏడాది పైన ఉంచి అమ్మితే లాభం మీద 12.5, అదీ లక్షా పాతికవేలు వదిలేసి. బఫెట్ ఆఫీసు కథ మన గచ్చిబౌలిలోనూ ఉందన్నమాట. ఆ 12.5 పెంచమంటారా, 1985లో ఎత్తేసిన ఎస్టేట్ డ్యూటీ (చనిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను), 2015లో ఎత్తేసిన వెల్త్ టాక్స్ మళ్లీ తెమ్మంటారా, పెద్ద తోటల ఆదాయం మీద కూడా వేయమంటారా? వీటికి అవును అంటే ఆయన సీఏ దగ్గర కూర్చున్నా నాకేం ఇబ్బంది లేదు. అబ్బే అవి కాదు, ఆ అంబానీల మీద వేయాలి అంటే మాత్రం మీ అనుమానం నిజమే.

ప్రశ్న: నాకు నిజంగానే కొంచెం ఎక్కువ కట్టాలని ఉంది. మన దేశంలో అలా వీలుందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రిటర్న్‌లో అలాంటి గడి లేదమ్మా, ఎక్కువ కడితే రీఫండ్ అని వెనక్కే పంపిస్తారు. ప్రధాని సహాయనిధి, డిఫెన్స్ ఫండ్, సీఎం రిలీఫ్ ఫండ్ ఉన్నాయి, తమాషా ఏంటంటే పాత పద్ధతిలో వాటికి ఇచ్చినదానికి కూడా పన్ను మినహాయింపు వస్తుంది, వద్దనుకుంటే క్లెయిమ్ చేయకండి. వదులుకోవడం మనవాళ్లకి చేతకాక కాదు, 2015లో గ్యాస్ సబ్సిడీ వదులుకోండి అంటే కోటి మందికి పైనే వదులుకున్నారు. కానీ ఎదురు కట్టమంటే వేరు. నార్వేలో 2017లో పన్నులు తగ్గించే ప్రభుత్వం "ఎక్కువ కట్టాలనుకునేవాళ్లు ఇక్కడ కట్టండి" అని ప్రతిపక్షాన్ని ఆటపట్టించడానికి ఒక పథకం పెడితే మొదట్లో వచ్చింది వెయ్యి డాలర్ల పైచిలుకు, అంతే.

ప్రశ్న: మేం వాషింగ్టన్ స్టేట్‌లో ఉంటాం, సిటిజన్స్‌మి. ఇక్కడి క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ తీసేయాలని 2024లో ఓటింగ్ పెడితే నేను ఉంచాలనే ఓటేశాను. ఇప్పుడు కంపెనీ షేర్లు అమ్మాలి, మా వారు రెండేళ్లకి విడగొట్టి అమ్మితే ఆ టాక్స్ పడదు అంటున్నారు. నాకేమో తప్పు చేస్తున్నట్టుంది.
— ఒక పాఠకురాలు, బెల్‌వ్యూ

జవాబు: తప్పేం లేదమ్మా. ఆ చట్టం పెట్టినవాళ్లే ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు వదిలేసి ఆ పైన లాభం మీదే 7 శాతం అన్నారు, ఆ గీత ధరలతోపాటు ఏటా కాస్త జరుగుతుంది, 2025 నుంచి పది లక్షల డాలర్లు దాటిన దానిమీద 9.9 కూడా చేశారు. అంటే పెద్ద మొత్తాలు ఒక్కసారి వచ్చేవాళ్ల మీద గురి, మీరు నిజంగానే రెండేళ్లలో అమ్ముతున్నారు, ఈలోపు ధర పడితే నష్టం కూడా మీదే. ఇల్లూ పిల్లల స్కూలూ బెల్‌వ్యూలో ఉంచుకుని అడ్రస్ మాత్రం ఆ టాక్స్ లేని నెవాడాలో చూపిద్దాం అని మీవారు అంటే అప్పుడు పోట్లాడండి. ఒక్కటి చూసుకోండి, భార్యాభర్తలిద్దరికీ కలిపి ఆ మినహాయింపు ఒకటే, మనిషికొకటి అనుకుని లెక్క వేస్తే ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు.